గొంతు కోసం వచ్చిన గిటార్లు

కరుకైన గిటార్ల మెటల్ సంగీతానికి ఆర్కెస్ట్రా, ఒపేరా తరహా హంగులు చేర్చిన సింఫనిక్ మెటల్ గురించి ఎవరు రాసినా దాదాపు ఒకే మాట కనిపిస్తుంది. మొరటు గిటార్లకూ ఉరుముల్లాంటి డ్రమ్ములకూ నడుమ ఒక స్త్రీ గొంతు వచ్చి ఆ కరుకుదనాన్ని మెత్తబరుస్తుందనీ, అందుకే ఆ సంగీతం మామూలు శ్రోతకు కూడా మింగుడుపడుతుందనీ అంటారు. ఫిన్లాండుకు చెందిన నైట్‌విష్ బృందం 1997 నవంబరులో విడుదల చేసిన మొదటి ఆల్బమ్ ‘ఏంజెల్స్ ఫాల్ ఫస్ట్’ విన్నప్పుడల్లా ఈ మాట తలకిందులుగా ఉందని నాకు అనిపిస్తుంది. ఆ రికార్డులో అన్నిటికన్నా బరువైనది గాయని టార్యా తురునెన్ గొంతు. గిటార్లూ డ్రమ్ములూ ఆ బరువుకు సరితూగడానికి తర్వాత వచ్చి చేరాయి. అభిమానం కొద్దీ అంటున్నానని ఎవరైనా అనుకోవచ్చు గానీ, ఆ బృందం పుట్టిన వరసే నా పక్షాన సాక్ష్యం చెబుతుంది.

ఫిన్లాండులో రష్యా సరిహద్దుకు దగ్గరగా, ఉత్తర కరేలియా ప్రాంతంలో, కితే అనే చిన్న ఊరు ఉంది. నైట్‌విష్ పుట్టకముందు ఆ దేశంలో ఆ ఊరికి ఉన్న పేరు ముఖ్యంగా అక్కడ దొంగచాటుగా కాచే నాటుసారా వల్ల వచ్చిందే. 1996 జూలైలో స్నేహితులతో చలిమంట చుట్టూ కూర్చున్న రాత్రి కీబోర్డు వాయించే తుఓమస్ హోలొపాయినెన్‌కు ఒక ఆలోచన కలిగింది: అకౌస్టిక్ గిటారు, కీబోర్డు, ఒక ఆడగొంతు, ఇంతే పెట్టుకుని ప్రశాంతమైన పాటలు చేయాలని. ఎంపు వుఓరినెన్ గిటారుకు వచ్చాడు. అదే ఊరి అమ్మాయి, అప్పటికే కువోపియోలోని సిబేలియస్ అకాడమీ శాఖలో శాస్త్రీయ గానం నేర్చుకుంటున్న టార్యా పాడటానికి ఒప్పుకుంది. ముగ్గురూ కలిసి మూడు పాటల డెమో, అంటే నమూనా రికార్డింగు, చేశారు. అందులో ఎలక్ట్రిక్ గిటారు లేదు, డ్రమ్ములు లేవు. తీరా విని చూసుకుంటే ఆ గొంతు ఆ చిన్న ఏర్పాటులో ఇమడటం లేదు. అకౌస్టిక్ సంగీతానికి ఆ గొంతు మరీ పెద్దదైపోయిందన్నదే తర్వాత బృందం స్వయంగా చెప్పుకుంటూ వచ్చిన కారణం. అప్పుడు గిటారుకు కరెంటు వచ్చింది. యుక్కా నెవలైనెన్ డ్రమ్ములు తీసుకుని వచ్చాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. హోలొపాయినెన్ అంతకుముందే మెటల్ బృందాల్లో కీబోర్డు వాయించినవాడు కదా, వుఓరినెన్ చేతిలోనూ ఆ సంగీతమే ఉంది కదా, గొంతు ఎలాంటిదైనా వాళ్ళు చివరికి అక్కడికే చేరేవారు కదా అని. చేరేవారేమో. కానీ వాళ్ళు మొదట కావాలనే ఆ దారి వదిలి పక్కకు నడిచారన్న సంగతి మరవకూడదు. తెలిసిన దారిని విడిచిపెట్టిన మనుషులను తిరిగి అదే దారిలోకి లాక్కొచ్చింది ఏమిటన్నది ప్రశ్న. ఇద్దరు వాద్యగాళ్ళ అలవాటు మాత్రమే కారణమైతే ఆ మూడు పాటల డెమో అవసరమే ఉండేది కాదు.

అదే కాలంలో వచ్చిన ఇతర రికార్డులను పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. నార్వేకు చెందిన థియేటర్ ఆఫ్ ట్రాజెడీ 1995లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో మగవాడు గొంతు చించుకుని గర్జిస్తుంటే లివ్ క్రిస్టీన్ పలచగా, గాలిలా పాడుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన విదిన్ టెంప్టేషన్ 1997 ఏప్రిల్‌లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లోనూ షారన్ డెన్ ఆడెల్ గొంతు పక్కన గర్జన ఉంది. ఆ రెండిటి విషయంలో ‘మెత్తబరచడం’ అన్న మాట అతుకుతుంది, ఎందుకంటే అక్కడ కరుకుదనానికీ మృదుత్వానికీ మధ్య పని విభజన ముందే జరిగిపోయింది. స్వీడన్ బృందం థీరియన్ 1996 నాటికే ఒపేరా గాయకులను, బృందగానాన్ని మెటల్‌లోకి తెచ్చింది గానీ అక్కడ గొంతులు ఒక సమూహం. నైట్‌విష్ మొదటి రికార్డులో గర్జన లేదు, కోరస్ దండు లేదు, ఆర్కెస్ట్రా లేదు. తీగవాద్యాల బృందంలా వినిపించేదంతా ఒక్క కీబోర్డులోంచి వచ్చిందే. ఒక ఆడపిల్ల, అప్పుడప్పుడే ఇరవై ఏళ్ళు నిండిన పిల్ల, ముందు వరసలో ఒంటరిగా నిలబడి ఉంది. థియేటర్ ఆఫ్ ట్రాజెడీ కోసం కుట్టిన చొక్కాను విమర్శకులు తీసుకొచ్చి ఈమెకు తొడిగారు.

నేను ఈ రికార్డు మొదటిసారి విన్నది కాకినాడలో ఇంజినీరింగు చదివే రోజుల్లో, హాస్టల్లో గది నుంచి గదికి చేతులు మారే ఎంపీత్రీ సీడీల్లో ఒకదానిలో. అక్కడ మెటల్ వినే కుర్రాళ్ళకు ఈ గొంతు నచ్చలేదు. సినిమా పాటలు వినే అమ్మాయిలకు గిటార్లు నచ్చలేదు. నాకు రెండూ వింతగా అనిపించకపోవడానికి కారణం ఉంది. మా ఇంట్లో పద్యనాటకం ఉంది. కోనసీమలో తీర్థాలకూ జాతరలకూ రాత్రంతా రాయబారం సీను ఆడించే కాలంలో మా పెదమావయ్య హార్మోనిస్టు. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేషధారులు మారిపోతుంటే, కాలితో తొక్కే హార్మోనియం ముందు కూర్చున్న మనిషి మాత్రం తెల్లవారేదాకా మారడు. ఒక్కొక్క నటుడిదీ ఒక్కొక్క శ్రుతి. నాలుగున్నరలో పాడేవాడు దిగిపోయి అయిదున్నరలో పాడేవాడు ఎక్కితే, అప్పటికప్పుడు పెట్టె మీద వేళ్ళు మార్చుకోవాలి.

కొన్నేళ్ళ తర్వాత అంబాజీపేట దగ్గర వాళ్ళింటి అరుగు మీద ఈ ఆల్బమ్‌లోని మొదటి పాట ‘ఎల్వెన్‌పాత్’ ఆయనకు వినిపించాను. గిటార్లు మొదలవగానే మొహం చిట్లించారు. గొంతు వచ్చాక చిట్లించడం ఆపి, చెయ్యి అడ్డంగా పెట్టి, “ఉండవే అమ్మాయ్, మళ్ళీ పెట్టు” అన్నారు. రెండోసారి విని లోపలికి వెళ్ళి చిన్న చేతిపెట్టె తెచ్చుకున్నారు. ఎడమ చేత్తో తిత్తి ఒత్తుతూ, కుడిచేతి చూపుడు వేలితో ఒక్కొక్క మెట్టూ తడుముతూ ఆమె నిలబడ్డ స్వరం పట్టుకున్నారు. పాట కింద ఆ ఒక్క మెట్టునే సన్నగా మోగిస్తూ కాసేపు ఉండిపోయారు. తర్వాత ఆయన అన్న మాట నేను ఇన్నేళ్ళుగా చదివిన సమీక్షలన్నిటికన్నా సూటిగా ఉంది: “ఈ పిల్ల మైకు కోసం పాడే మనిషి కాదే. వెనకాల చాపల మీద కూర్చున్నోళ్ళకి కూడా అందాలని పాడతాంది.”

ఆ మాటలోని విషయం కొంచెం విడమరచి చెప్పాలి. మన సినిమా నేపథ్యగానం మైకు పుట్టించిన కళ. గాయని పెదవికి జానెడు దూరంలో ఒక యంత్రం ఉంది కాబట్టే ఊపిరి శబ్దం, గుసగుస, గొంతులోని చిన్న జీర కూడా సంగీతమయ్యాయి. రాక్ సంగీతమూ అంతే. అక్కడి గాయకుడి అరుపు కూడా మైకు ఉందన్న ధైర్యంతో అరిచేదే. ఒపేరా పద్ధతి అంతకు ముందుతరం సంగతి. పెద్ద వాద్యబృందాన్ని దాటుకుని, యంత్రసాయం లేకుండా, గాలరీలో ఆఖరి కుర్చీ దాకా గొంతు చేరాలి. అందుకోసం శరీరాన్నే పెట్టెలా వాడుకోవడం నేర్పుతారు. పెట్రోమాక్స్ లైట్ల కాలంలో మన పద్యగాయకులు సాధించినదీ ఇదే అవసరం కోసం. రెండు సంప్రదాయాలకూ పరస్పరం పరిచయం లేదు; అవసరం మాత్రం ఒక్కటే. ఇంగ్లండు గాయని సారా బ్రైట్‌మన్ పాటలు విని శాస్త్రీయ గానం వైపు తిరిగిన టార్యా ఆ శిక్షణను యథాతథంగా తెచ్చి, ప్రతి శబ్దమూ కరెంటు మీద నడిచే సంగీతం ముందు నిలబెట్టింది. స్టూడియోలో ఆమె ముందూ మైకు ఉంది, నిజమే. కానీ ఆ గొంతు పరిమాణం మైకు ఇచ్చింది కాదు. ఆ రికార్డింగు రోజు కరెంటు పోయి ఉంటే వుఓరినెన్ గిటారు తీగల గీరుడు, డ్రమ్ములు, అతిథిగా వచ్చిన మనిషి వేణువు, ఆమె గొంతు మిగిలేవి. వాటిలో ఊరి చివరి దాకా వినిపించేవి రెండే.

ఆమె పాడిన ఇంగ్లీషు మాటలు అర్థం కావన్నది తరచూ వినిపించే ఫిర్యాదు. అది ఫిన్నిష్ యాస వల్ల అని చాలామంది సరిపెట్టుకుంటారు. యాస ఉంది, కాదనను. కానీ అసలు కారణం గొంతు పనిచేసే తీరులో ఉంది. స్వీడన్ పరిశోధకుడు జొహాన్ సుండ్‌బెర్గ్ దశాబ్దాల పాటు ఒపేరా గొంతులను కొలిచి చూపించిన దాని ప్రకారం, మగ గాయకులు మూడు వేల హెర్ట్జ్ దరిదాపుల్లో తమ ధ్వనిశక్తిని కుప్పపోసి, వాద్యబృందం బలహీనంగా ఉన్న ఆ సందులోంచి బయటపడతారు. పై స్థాయిలో పాడే ఆడగొంతుకు ఆ దారి పెద్దగా పనికిరాదు. ఆమె స్వరం పైకి వెళ్ళేకొద్దీ దవడ తెరిచి, నోటి కుహరం అనునాదాన్ని ఆ స్వరం దగ్గరికే జరుపుకుంటుంది. శబ్దం అమాంతం పెరుగుతుంది. దానికి చెల్లించే మూల్యం అచ్చులు. ‘ఈ’, ‘ఊ’, ‘ఏ’ అన్నీ పై స్థాయిలో ‘ఆ’కారంలోకి జారిపోతాయి.

మన పద్యగాయకులు ఈ చిక్కును వేరే విధంగా విప్పుకున్నారు. పద్యం నాలుగు పాదాలూ మాట మాటగా, విరుపు విరుపుగా, శ్రోతకు ప్రతి అక్షరమూ అందేలా చదివి, ఆఖరి అక్షరం అయ్యాక మాత్రమే ఆకారంతో రాగం అందుకుంటారు. ఆ దీర్ఘం ముగిసేసరికి ‘వన్స్‌మోర్’ కేకలు లేచేవి. అంటే మాటకూ బలానికీ వేర్వేరు వేళలు కేటాయించారు. ఒపేరా ఈ రెండిటినీ ఒకే వేళలో కలిపేసి, మాట నష్టపోతే పోనిమ్మంది. మావయ్య మాటల్లో చెప్పాలంటే “పద్యం కరిగిపోయి రాగం మిగిలింది.” అందుచేత ‘ఏంజెల్స్ ఫాల్ ఫస్ట్’ వినే తెలుగు శ్రోతకు నేనిచ్చే సలహా, చేతిలో సాహిత్యం పెట్టుకుని కుస్తీ పట్టవద్దని. సాహిత్యం కూడా కుర్రతనం నిండినదే. అడవులు, దేవకన్యలు, ఈజిప్టు రాజు, చెప్పుకోవడానికి సిగ్గుపడే పేరున్న ఒక శృంగార గీతం, ఇవన్నీ ఇరవై ఏళ్ళ కుర్రవాడి గదిలోని పుస్తకాల బీరువాలోంచి వచ్చాయి. వడ్రంగి పేరుతో ఉన్న ‘ద కార్పెంటర్’ ఒక్కటి నాకు మినహాయింపు. క్రీస్తును ఆ వృత్తి మనిషిగా, అతని పనిముట్ల ద్వారా తలచుకునే పాట అది. పల్లవి మన వైపు చర్చిల్లో క్రిస్మస్ రాత్రి పాడే పిల్లలకు చేతికందేంత సరళంగా ఉంటుంది.

ఆ పాటతోనే ఈ రికార్డులోని పెద్ద లోపం దగ్గరికి వస్తాం. ‘ద కార్పెంటర్’, ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’, ‘ఆస్ట్రల్ రొమాన్స్’ పాటల్లో మగ గొంతు హోలొపాయినెన్‌దే. అతను గాయకుడు కాడు. స్వరాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు, అడుగు జారుతుందేమోనని భయపడుతున్నట్టు పాడతాడు. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’లో అతను తన వంతు పాడి ఆగిన చోట టార్యా అందుకుంటే, రికార్డు శబ్దం ఎవరో పెంచినట్టు నిజంగానే ఉలిక్కిపడతాం. అందులో మృగం ఎవరో, సుందరి ఎవరో పాట పేరును బట్టి తేల్చుకోవచ్చు గానీ బలం ఎవరిదో చెవి వేరుగా తేలుస్తుంది. ఈ లోపాన్ని నేను లోపంగానే చూస్తాను, కానీ నా వాదనకు ఇంతకన్నా మంచి రుజువు దొరకదు. మామూలు గొంతు ఒకటి ఆమె పక్కన నిలబడలేకపోవడం ఆ పాటల్లో మన కళ్ళెదుటే జరుగుతుంది. బృందానికీ అది తెలిసింది. 1998లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘ఓషన్‌బోర్న్’లో మగ గొంతుకు తపియో విల్స్కాను పిలిచారు, ‘ఆస్ట్రల్ రొమాన్స్’ను 2001లో మళ్ళీ రికార్డు చేసినప్పుడు ఆ భాగాన్ని సొనాటా ఆర్క్టికా అనే మరో బృందం గాయకుడు టోనీ కక్కోకు ఇచ్చారు.

మిగిలిన లోపాలు తొందరగా చెప్పేస్తాను. డ్రమ్ముల శబ్దం పలచన. బృందంలో బేస్ గిటారు వాయించేవాడు లేక ఆ పనీ వుఓరినెనే చేశాడు. కీబోర్డు వయొలిన్లు ప్లాస్టిక్ పూలలా మెరుస్తాయి. మొదట డెమోగా ఉద్దేశించిన రికార్డింగులను స్పైన్‌ఫార్మ్ అనే రికార్డుల సంస్థ ఆల్బమ్‌గా తీసుకుంది కాబట్టి ఇవన్నీ సహజమే. అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే సంగతి, రికార్డు బయటికి వచ్చేనాటికి ఈ బృందం వేదిక ఎక్కనే లేదు. మొదటి కచేరీ 1997 డిసెంబరు 31 రాత్రి సొంత ఊరు కితేలో జరిగింది. మన నాటకం మనిషి ఇరవై తీర్థాల్లో ఆడి, చదివింపులు అందుకుని, అప్పుడు గ్రామఫోను రికార్డుకు వెళ్ళేవాడు. వీళ్ళు ఎదుట మనిషి లేకుండానే ముందు రికార్డు చేశారు. అందులో ప్రేక్షకులను ఊహించుకుని పాడగలిగింది శిక్షణ ఉన్న ఒక్క మనిషే.

ఇంత బలం గురించి మాట్లాడాక, బలం చూపని చోటు గురించి చెప్పకపోతే ఆమెకు అన్యాయం. ఆల్బమ్ ఆఖరున లాప్‌లాండ్ పేరుతో నాలుగు భాగాల రచన ఉంది. మొదటి భాగం ‘ఎరమాయార్వి’ ఫిన్నిష్‌లో పాడింది. డ్రమ్ములు లేవు, విద్యుత్ గిటారు లేదు, అంటే 1996 నాటి మొదటి ఆలోచన ఇక్కడ దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. గొంతును పూర్తిగా విప్పకుండా, సగంలో ఆపి పట్టుకుని పాడుతుంది. సొంత భాష కాబట్టి అచ్చులు నిలబడ్డాయి, స్థాయి కింద ఉంది కాబట్టి మాటలు స్పష్టంగా ఉన్నాయి. వేణువుతో కూడిన ‘ఏంజెల్స్ ఫాల్ ఫస్ట్’ పాట కూడా ఈ కోవలోదే. ఈ రెండూ విన్నాక మొదటి ఆలోచన ఎంత అందమైనదో, ఎందుకు నిలవలేదో ఒకేసారి అర్థమవుతుంది. పెద్ద గొంతును రెండు పాటల పాటు అణిచి పెట్టుకోవచ్చు. ఒక బృందం జీవితకాలమంతా అణిచి పెట్టడం కుదరదు. ‘టుటన్‌ఖామెన్’ లాంటి వేగమైన పాటలో చాలాచోట్ల గిటారు కింది తీగల మీద కొట్టుకుంటూ పై అంతస్తు మొత్తం ఆమెకు వదిలేయడం గమనించండి. ఏర్పాటు మొత్తం ఆమె కొలతకు కుట్టింది.

తర్వాతి కథ లోకానికి తెలిసిందే. 2004లో ‘వన్స్’ ఆల్బమ్‌కు లండన్ ఫిల్హార్మొనిక్ వాద్యబృందం వాయించింది. 2001లో చేరిన మార్కో హియెటాలా రూపంలో ఆమె పక్కన నిలబడగల మగ గొంతూ దొరికింది. అందరూ దాన్నే శిఖరం అంటారు. నాకు మాత్రం అక్కడ ఆమె ఒక పెద్ద భవనంలో అందంగా అమర్చిన స్తంభంలా కనిపిస్తుంది. మొదటి రికార్డులో భవనమే లేదు, స్తంభం మాత్రమే ఉంది. 2005 అక్టోబరు 21న హెల్సింకి కచేరీ ముగిశాక బృందం బహిరంగ లేఖతో ఆమెను పంపించివేసింది. ఆ లేఖలోని తప్పొప్పుల జోలికి నేను వెళ్ళను, ఇరవై ఏళ్ళుగా అభిమానులు వెళ్తూనే ఉన్నారు. బృందం నిలిచింది, పెరిగింది, గాయనిగా అనెట్ ఓల్జన్ వచ్చి వెళ్ళింది, ఆమె తర్వాత ఫ్లోర్ యాన్సెన్ వచ్చింది. దీన్ని చూపించి, పాటలు రాసే మనిషి ఉంటే గొంతు ఎవరిదైనా సరిపోతుందని వాదించేవారు ఉన్నారు. 2007 ఆల్బమ్ విషయంలో ఆ వాదన నిజమే కావచ్చు, ఎందుకంటే కొత్త గాయని ఎవరో తేలకముందే దాని పాటలు తయారయ్యాయి. 1997 రికార్డు తయారైన వరస దానికి పూర్తిగా ఎదురు. అక్కడ గొంతు ముందు వచ్చింది, అది ఎంత పెద్దదో వినబడింది, ఆ తర్వాతే మెటల్ వచ్చింది. రెండిటినీ ఒకే బృందం పేరు కింద చూసి ఒకే తీర్పు ఇచ్చేవారితో నాకు పేచీ.